లూర్‌ను దారానికి ఎలా కలపాలి: స్నాప్ పెట్టాలా, నేరుగా ముడి వేయాలా?

కళింగతీరం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ కళింగపట్నం వెళ్లి, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలం వేస్తూ ఉంటాను. చిన్నప్పటి నుంచి నాకు రొయ్యనో వానపామునో గుచ్చి వేసే గాలమే తెలుసు. రీల్ ఉన్న కర్ర కొనుక్కొని లూర్లు, అంటే చేపను నమ్మించే బొమ్మ ఎరలు, వేయడం మొదలుపెట్టి రెండేళ్లు కావస్తోంది. కర్ర ఎంత పొడవుండాలి, రీల్ ఏ సైజుదై ఉండాలి అని అడిగినప్పుడు అందరూ ఓపికగా చెప్పారు గాని, దారం చివరకూ లూర్ ముక్కుకూ మధ్య ఉండే ఆ అంగుళం చోటు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు ఎదురైన ఇబ్బందులన్నీ అక్కడే వచ్చాయి.

మొదట్లో అన్ని లూర్లకూ స్నాప్ ఉన్న స్వివెల్‌నే వాడేవాడిని. స్నాప్ అంటే లూర్‌ను తగిలించడానికి తెరిచి మూసే తీగ కొక్కెం, స్వివెల్ అంటే దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు ముక్క. పది కలిపి ఒక ప్యాకెట్‌గా అమ్మే రకం అది. చిన్న రేకు మడతలో తీగ కొసను ఇరికిస్తే మూసుకుంటుంది. పోయిన కార్తీకమాసంలో ఒక సాయంత్రం, ఆటు మొదలై ఏటి నీరు సముద్రంలోకి లాగుతున్న వేళ, ఒక పెద్ద చేప లూర్‌ను అందుకొంది. నీళ్ల మీదికి ఒకసారి ఎగిరినప్పుడు అది పండుగప్ప అని స్పష్టంగా తెలిసింది. రెండోసారి ఎగిరి తల విదిలించగానే దారం వదులైపోయింది. చుట్టుకొని చూస్తే స్నాప్ నా చేతికే తిరిగి వచ్చింది గాని, దాని తీగ రేకులోంచి ఊడి సూదిలాగా తిన్నగా సాగి ఉంది.

ఆ రోజుతో స్నాప్ మీద నమ్మకం పోయి, బ్రెయిడ్ దారాన్నే (సన్నని పోగులతో అల్లిన దారం) లూర్ కన్నుకు, అంటే ముక్కు మీద దారం కట్టే రంధ్రానికి, నేరుగా కట్టడం మొదలుపెట్టాను. నేను వేసేది అందరూ వేసే క్లించ్ ముడే: దారాన్ని కన్నులోంచి దూర్చి, దాని చుట్టూ ఐదు సార్లు మెలితిప్పి, కొసను మొదటి ఉచ్చులోంచి లాగి బిగించేది. రెండు వారాల తరువాత ఆ ముడి కూడా మోసం చేసింది. చేపతో పాటు లూర్ కూడా పోయింది. ఇవి చాలవన్నట్టు, ముక్కు కింద ప్లాస్టిక్ నాలుక ఉన్న లూర్‌ను ఇలా బిగించి కట్టినప్పుడు అది ఇదివరకటిలా అటూ ఇటూ ఊగడం లేదు. కర్రముక్కను లాగినట్టు తిన్నగా వస్తోంది. తిరిగే రేకు ఉన్న స్పిన్నర్‌ను నేరుగా కడితే దారమంతా మెలికలు పడుతోంది.

స్నాప్ పెడితే తెరుచుకుంటోంది, ముడి వేస్తే జారిపోతోంది, బిగిస్తే లూర్ ఆడటం లేదు. ఒక్కొక్క లూర్‌ను ఎలా కలపాలో, దేన్ని బట్టి నిర్ణయించుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తాటిపూడి గట్టు సమాధానం

మాస్టారూ, మీకు మూడు రకాల నష్టాలు జరిగాయి. మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయి. వాటిని ఒకటిగా కలిపి చూడటం వల్లనే ఏ పద్ధతీ పనికిరాదని మీకు అనిపిస్తోంది. మాది గంట్యాడ వైపు. గోస్తని మీది తాటిపూడి జలాశయం అంచుల్లోనూ, చుట్టుపక్కల ఊరి చెరువుల్లోనూ, అక్కడ వల వేసుకునేవారిని అడిగి, పదేళ్లుగా లూర్లు వేస్తున్నాను. మొగలో వేసిన అనుభవం నాకు తక్కువ గనుక ఆ సంగతి తెలిసినవారు తరువాత చెబుతారు. ముడి సంగతీ లూర్ ఆట సంగతీ నేను చెప్పగలను.

ముందుగా ఒక మాట అడగాలి. రెండోసారి చేప పోయినప్పుడు చేతికి వచ్చిన దారం కొస ఎలా ఉందో గుర్తుందా? పంది తోకలాగా చిన్న చుట్లు తిరిగి ఉంటే ముడి తెగలేదు, జారి విడిపోయిందని అర్థం. కొస పొట్టిగా, చదునుగా తెగి ఉంటే ముడి దగ్గరే తెగిందన్నమాట. పీచు లేచి గరుకుగా ఉంటే రాయికో గుల్లకో ఒరుసుకుంది. ఏటవాలుగా, కత్తితో కోసినట్టు ఉంటే పళ్ల పని. చేప పోయిన బాధలో మనం ఆ కొసను కత్తిరించి పారేసి కొత్త లూర్ కట్టేస్తాం గాని, జరిగింది చెప్పగల సాక్ష్యం ఆ కొస ఒక్కటే.

నా అనుమానం మీ ముడి జారిందనే. బ్రెయిడ్ దారం సన్నని పాలిథిలీన్ పోగులతో అల్లినది. దాని ఒంటి మీద నూనె రాసినంత నునుపు ఉంటుంది, సాగే గుణం దాదాపు ఉండదు. నైలాన్ దారం ముడిలో కొద్దిగా నొక్కుకుపోయి తనను తాను పట్టుకుంటుంది. బ్రెయిడ్‌కు ఆ గుణం లేదు. అందువల్ల నైలాన్‌కు సరిపోయే ఐదు చుట్ల క్లించ్ ముడి బ్రెయిడ్‌లో మెల్లగా పాకి విడిపోతుంది. బ్రెయిడ్‌ను నేరుగా కట్టక తప్పని చోట పాలోమార్ ముడి వేయండి. దారాన్ని రెండు పేటలుగా మడిచి, ఆ మడతను కన్నులోంచి దూర్చి, రెండు పేటలతో కలిపి ఒక మామూలు ముడి వదులుగా వేసి, మడత ఉచ్చులోంచి లూర్‌ను మొత్తం దాటించి, తడిచేసి, నెమ్మదిగా బిగించాలి. కన్నులో రెండు పేటలు ఉంటాయి గనుక జారదు. అయితే మూడేసి కొక్కేల గాలాలు రెండు వేలాడే పెద్ద లూర్‌ను ఆ ఉచ్చులోంచి దాటించడం కష్టం. కొక్కేలు దారానికి తగులుకుంటాయి. అటువంటి చోట యూని ముడి మేలు: కన్నులోంచి వచ్చిన కొసతో ఒక ఉచ్చు చేసి, ఆ ఉచ్చులోంచే రెండు పేటల చుట్టూ కొసను చుట్లు తిప్పి బిగించేది. బ్రెయిడ్‌తో అయితే దానికి ఏడెనిమిది చుట్లు వేయాలి.

తడిచేయడం గురించి ఇంకొక మాట. పొడి నైలాన్‌ను గబుక్కున బిగిస్తే ఆ రాపిడి వేడికి దారం ముడి లోపలే బలహీనపడుతుంది. పైకి ఏమీ కనిపించదు. చేప పడినప్పుడే తెలుస్తుంది. నోటి తడి చాలు గాని, ఆ తడి లేకుండా ఏ ముడినీ బిగించకండి.

ఇక లూర్ ఆట. నా దృష్టిలో మీ ప్రశ్న మొత్తానికి జవాబు ఇక్కడే ఉంది. దేనితో కలపాలన్నది చేపను బట్టి కాక, ముందుగా లూర్ నీళ్లలో ఎలా కదలాలన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. నాలుక ఉన్న లూర్‌ను లాగినప్పుడు నీరు ఆ నాలుకను ఒకసారి ఒక పక్కకు, మరొకసారి రెండో పక్కకు తోస్తుంది. లూర్ తన ముక్కు మీది కన్ను చుట్టూ తిరుగుతూ ఊగాలి. ఆ కన్నును దళసరి దారంతో బిగించి ముడి వేస్తే తలుపు బందుకు మేకు కొట్టినట్టే. పైగా ముడి కన్నులో ఒక పక్కకు జరిగి కూర్చుంటే లూర్ తిన్నగా కూడా రాదు, ఆ పక్కకే పోతుంది. అందుకని ఆ రకం లూర్‌కు మూడు దారులు ఉన్నాయి: ముక్కుకు స్ప్లిట్ రింగ్ ఉండాలి, లేదా చిన్న స్నాప్ పెట్టాలి, లేదా బిగుసుకోని ఉచ్చు ముడి వేయాలి. స్ప్లిట్ రింగ్ అంటే తాళంచెవుల గుత్తికి ఉండే రింగ్ వంటిదే, చిన్నది. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా 1936లో చేసిన లూర్‌ది కూడా చేప గాయపడి ఊగినట్టు ఊగే ఆటే. ఆయన పేరుతో పిలిచే ముడి నేటికీ ఉచ్చు ముడే కావడం ఊరికే కాదు.

నేను ఎక్కువగా వేసేది జారని ఉచ్చు ముడి. కొసకు జానెడు దూరంలో దారానికి ఒక మామూలు ముడి వదులుగా వేసి ఉంచుకోవాలి. కొసను లూర్ కన్నులోంచి దూర్చి, వదులుగా ఉన్న ఆ ముడిలోకి, అది ఏ వైపు నుంచి బయటకు వచ్చిందో అదే వైపు నుంచి తిరిగి తీసుకురావాలి. తరువాత పై దారం చుట్టూ చుట్లు తిప్పి, కొసను మళ్లీ ఆ ముడిలోంచే వెనక్కు తెచ్చి, తడిచేసి బిగించాలి. 10 పౌండ్ల బరువుకు ఆగే నైలాన్‌కు ఐదు చుట్లు, 30 నుంచి 40 పౌండ్ల దారానికి నాలుగు, అంతకు మించిన దళసరి దారానికి మూడు సరిపోతాయి. ఉచ్చు చిటికెన వేలి గోరంత ఉంటే చాలు. మరీ పెద్దదైతే ముందు గాలం అందులో చిక్కుకుంటుంది.

స్పిన్నర్ సంగతి వేరు. దాని రేకు తిరిగేటప్పుడు దాని ఒళ్లు కూడా కొంత తిరుగుతుంది. ఆ తిరుగుడు దారంలోకి ఎక్కుతుంది. అక్కడ స్వివెల్ తప్పదు. కాని దాన్ని స్పిన్నర్ ముక్కు మీద పెట్టనక్కరలేదు. మూరెడు పైన, దారానికీ లీడర్‌కూ (దారం చివర, లూర్‌కు ముందు కలిపే వేరే దారం ముక్క) మధ్య పెడితే సరిపోతుంది, చేప కంటికి దూరంగానూ ఉంటుంది. మామూలు పీపా స్వివెల్ మీద బరువు పడితే సరిగా తిరగదు. లోపల చిన్న గుండ్లు ఉండే బాల్ బేరింగ్ రకం తీసుకోండి, ఖరీదు ఎక్కువైనా. మెలికలన్నిటికీ స్పిన్నరే కారణం కాకపోవచ్చు కూడా. చేప లాగుతుండగా, డ్రాగ్ (బలంగా లాగితే దారాన్ని వదిలే రీల్ బిగింపు) జారుతుండగా మీరు రీల్ చుట్టుతూనే ఉంటే ఒక్కో చుట్టుకూ దారం మెలి పడుతూ పోతుంది. చేప లాగేటప్పుడు చుట్టడం ఆపి కర్రను పట్టుకొని ఉండాలి.

కొరమీను కోసం వేసే రబ్బరు కప్పకు మాత్రం నేను ఏ లోహమూ పెట్టను. తామరాకుల మీదా గుర్రపుడెక్క మీదా దాన్ని పాకించాలి; అక్కడ స్నాప్ ఉంటే ప్రతి ఆకునూ పట్టుకొస్తుంది. 40 లేదా 50 పౌండ్ల బ్రెయిడ్‌తో నేరుగా పాలోమార్ ముడి వేస్తాను. కొరమీను కలుపులోకి దూరకముందే బయటకు లాగాలంటే సాగని దారం, జారని ముడి రెండూ కావాలి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద బుడగలు వదులుతూ కనిపిస్తే అక్కడ మాత్రం కప్పను వేయకండి. తల్లీ తండ్రీ వాటికి కాపలాగా ఉంటాయి, దగ్గరకు వచ్చిన దేన్నైనా కొడతాయి. ఆ జతను పట్టుకుంటే ఆ గుంపంతా మిగతా చేపల పాలవుతుంది.

తీగను వంచి చేసిన స్పిన్నర్‌బెయిట్ మీ పెట్టెలో ఉంటే ఒక జాగ్రత్త. దాని కన్ను మూసి ఉండదు, తీగ వంపు మాత్రమే ఉంటుంది. స్నాప్ గాని ఉచ్చు ముడి గాని పెడితే అది వంపు నుంచి జారి రేకు వేలాడే తీగ కొమ్మ మీదికి పోతుంది. దానికి బిగువు ముడే వేయాలి.

కళింగతీరం

తాటిపూడి మిత్రులకు కృతజ్ఞతలు. ఆ రోజు దారం కొస మీరు చెప్పినట్టే చుట్లు తిరిగి ఉంది. తెగిందనే అనుకున్నాను గాని, జారిందని నాకు తట్టలేదు. రెండు నెలలుగా దారం నాసిరకం అనుకుంటూ వచ్చాను.

ఒక సందేహం మిగిలింది. స్నాప్ పెట్టవచ్చని మీరే అన్నారు. నా స్నాప్ తెరుచుకొని తిన్నగా అయిపోయిన సంగతి చూశాక దాన్ని మళ్లీ వాడటానికి మనసు ఒప్పడం లేదు.

చంపావతి సమాధానం

నేను స్నాప్ పక్షాన రాస్తున్నాను. నాకు అరవై ఏళ్లు దాటాయి. చంపావతి సముద్రంలో కలిసే కోనాడ దగ్గర వేస్తాను. పండుగప్ప కదిలేది పొద్దు గుంకే వేళే; ఆ వెలుతురులో, కళ్లజోడు మీద ఉప్పునీటి తుంపరలు పడుతుండగా, జారని ఉచ్చు ముడి వేయడం నాకు సాధ్యం కాదు. సరిగా వేయలేని మంచి ముడి కంటే సరైన స్నాప్ ఎంతో నయం. ఇంటి దగ్గర, దీపం కింద కూర్చొని, తొందర లేకుండా లీడర్ కొసకు స్నాప్‌ను కట్టుకొని వెళతాను. ఏటి ఒడ్డున లూర్లు మార్చడమే మిగులుతుంది. ఎన్నిసార్లు మార్చినా లీడర్ కురచ కాదు.

మాస్టారుగారి స్నాప్ తెరుచుకోవడానికి కారణం అది స్నాప్ కావడం కాదు, ఆ రకం స్నాప్ కావడం. రేకు మడతలో తీగ కొసను ఊరికే ఆనించే రకంలో తీగను పట్టి ఉంచేది ఆ పల్చని రేకు ఒక్కటే. చేప తల విదిలించినప్పుడు తీగ పక్కకు జరిగితే రేకు దాన్ని ఆపలేదు. తీగ కొస కొక్కెంలా వంగి, అదే తీగను అడ్డంగా పట్టుకొనే రకాలు ఉన్నాయి. రేకు ఉండదు, మొత్తం ఒకే తీగ. లాగేకొద్దీ అది బిగుసుకుంటుంది గాని తెరుచుకోదు. కొనేటప్పుడు గోటితో తెరిచి మూసి చూడండి. సులువుగా తెరుచుకుంటే అక్కడే వదిలేయండి. లూర్ ఉండే వైపు వంపు గుండ్రంగా, వెడల్పుగా ఉండాలి. కోసుగా ఉంటే లూర్ కన్ను ఆ కోసులో ఇరుక్కొని, బిగువు ముడి వేసినట్టే అవుతుంది.

సైజు విషయంలో కూడా తప్పు చేస్తాం. తెగుతుందన్న భయంతో పెద్ద స్నాప్ పెడితే బొటనవేలంత లూర్‌కు ముక్కు బరువై, తల దించుకొని వస్తుంది. అందుకే నేను స్నాప్‌తో పాటు స్వివెల్‌ను లూర్ దగ్గర ఎప్పుడూ పెట్టను. అలా పెడితే లూర్ ముక్కుకు బరువు ఇంకా కలిపినట్టే. లూర్ ముక్కుకు ఇప్పటికే స్ప్లిట్ రింగ్ ఉంటే, స్నాప్ పెట్టేముందు ఆ రింగ్‌ను తీసేయండి. రెండూ ఉండనక్కరలేదు. రింగ్‌కే దారం కట్టదలిస్తే ముడిని రింగ్ రెండు పొరలు విడిపోయే సందుకు దూరంగా ఉంచండి. దారం ఆ సందులోకి పాకితే, తీగ కొస దాన్ని కోసేస్తుంది.

ప్రతి నెలా స్నాప్‌లు మార్చడం మాత్రం తప్పదు. ఉప్పునీటిలో నానిన తీగను నేను రెండో నెలకు నమ్మను.

బుడగట్లపాలెం పడవ సమాధానం

మాస్టారుగారికీ, పెద్దలకూ నమస్కారాలు. మాది ఎచ్చెర్ల మండలం, చేపలవేటే మా జీవనం. మా నాన్నగారి కాలంలో కోడి తెల్ల ఈకలూ, మెరిసే దారపు పీచూ గాలానికి కట్టి, ఒకే దారానికి వరసగా వేసి కానాగడతల్ని పట్టేవారు. లూర్ అన్న మాట మాకు కొత్త గాని, చేపను పీచుతో నమ్మించడం కొత్త కాదు. ఆయన నాకు మొదట నేర్పింది ముడి కాదు, దారం మీద వేలు రాసి చూడటం. గాలం పైకి వచ్చిన ప్రతిసారీ మూరెడు దారాన్ని బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య లాగి చూడాలి. ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడికి కోసి మళ్లీ కట్టాలి. మీరు ఎంత మంచి ముడి వేసినా, ఒరిపిడి పడిన దారం మీద వేస్తే ప్రయోజనం ఉండదు.

పండుగప్ప నోట్లో కోసే పళ్లు ఉండవు. కాని నోటి అంచు ఆకురాయిలా ఉంటుంది, మొప్ప రేకు అంచు కత్తిలా ఉంటుంది. పక్కకు తిరిగి తల విదిలించినప్పుడు దారం ఆ అంచు మీద పడుతుంది. బ్రెయిడ్ ఎంత బలమైనదైనా ఒరిపిడికి ఆగదు. అందుకే మీరు బ్రెయిడ్‌ను నేరుగా లూర్‌కు కట్టడం, ముడి జారకపోయినా, మొగలో పనికిరాదు. లూర్‌కు ముందు రెండు మూరల నైలాన్ లేదా ఫ్లోరోకార్బన్ (నైలాన్ లాగే ఒంటి పోగుగా ఉండే, ఇంకా బిరుసైన దారం) లీడర్ ఉండాలి. 40 పౌండ్లకు తగ్గకుండా చూసుకోండి. ఏటి మొగలో రాళ్లూ, పాత కర్రలకు పట్టిన గుల్లలూ ఉన్న చోట 60 పౌండ్లది వేసుకోవాలి. లీడర్ ఉంటే మీ ముడి కష్టం కూడా సగం తగ్గుతుంది, ఎందుకంటే లూర్ వైపు ముడి ఇక నైలాన్ మీదే వేస్తారు, అది బ్రెయిడ్‌లా జారదు.

ఈ రెండు దారాల్లో ఏది వాడాలన్నది కూడా లూర్‌ను బట్టే. ఫ్లోరోకార్బన్ నీటి కంటే చాలా బరువు. నీటిని 1గా తీసుకుంటే దాని సాంద్రత 1.78, నైలాన్‌ది 1.14, బ్రెయిడ్‌ది 0.97. నీటి మీద బుడబుడమని శబ్దం చేస్తూ వచ్చే పాపర్‌కు ఫ్లోరోకార్బన్ కడితే అది ముక్కును కిందికి లాగుతుంది. పాపర్‌కు నైలాన్ కట్టండి. లోతుకు దిగే లూర్లకూ, సీసం తలకు తొడిగిన రబ్బరు చేపలకూ ఫ్లోరోకార్బన్ మంచిది, ఒరిపిడికి కూడా అది ఎక్కువ ఓర్చుకుంటుంది. అయితే అది బిరుసు. దళసరి ఫ్లోరోకార్బన్‌ను ఎక్కువ చుట్లతో ముడి వేస్తే బిగుసుకోక మధ్యలో ఆగిపోతుంది, ఆగిన ముడి చేప లాగినప్పుడు కదిలి తెగుతుంది. చుట్లు తగ్గించి, చివరిదాకా బిగించండి.

వంజరం కోసం పడవ మీద వెళితే ఈ మాటలన్నీ మారిపోతాయి. దాని పళ్ల ముందు ఏ దారమూ నిలవదు. జానెడు తీగ లీడర్ పెట్టక తప్పదు. ఒంటి తీగను ముడి వేయకూడదు. వంచిన చోట అది విరుగుతుంది. ఉచ్చు చేసి, రెండు తీగలూ ఒకదాని మీద ఒకటి సమంగా ఎక్స్ ఆకారంలో పెనవేసుకునేటట్టు నాలుగైదు మెలికలు తిప్పి, ఆపైన కొసను నిలువు తీగ చుట్టూ దగ్గర దగ్గరగా నాలుగు చుట్లు చుట్టి, కొసను కత్తెరతో కోయకుండా అటూ ఇటూ వంచి విరవాలి. కత్తెరతో కోస్తే మిగిలే ముల్లు మీ చేతిని చీరుస్తుంది. మొదటి మెలికల్లో ఒక తీగ తిన్నగా ఉండి రెండోది దాని చుట్టూ తిరిగిందంటే అది జారుతుంది. తీగ పెట్టినంత మాత్రాన లూర్ ఆట పోదు, ఉచ్చును వదులుగా ఉంచారు కదా. కాని పండుగప్పకు తీగ వద్దు. తేరిన నీటిలో అది తీగను చూసి వెనక్కు తిరిగిపోవడం నేను చూశాను.

మొగలో నిలబడేటప్పుడు ఇసుక అంచు మీద జాగ్రత్తగా ఉండండి. ఆటు వేళ కాళ్ల కింద ఇసుక కరిగిపోతుంది.

కళింగతీరం

పడవ మిత్రులకూ, చంపావతిగారికీ, తాటిపూడివారికీ నమస్కారం. లీడర్ అనగానే ఇంకొక ముడి వచ్చి చేరింది. బ్రెయిడ్‌ను లీడర్‌కు ఎలా కలపాలి? స్వివెల్ పెడితే సరిపోతుందా?

తాటిపూడి గట్టు

లీడర్ మూరెడే అయితే స్వివెల్ చాలు, స్పిన్నర్‌కైతే అదే సరైనది. రెండు మూరల లీడర్‌కు స్వివెల్ పెడితే విసిరే ముందు అది కర్ర కొన రింగ్ దగ్గర ఆగిపోతుంది, మరిచిపోయి చుట్టేస్తే ఆ రింగ్ లోపలి పింగాణీ పగులుతుంది. అందుకని ముడి వేయాలి. ఎఫ్‌జీ ముడి చాలా సన్నంగా ఉండి రింగుల్లోంచి సాఫీగా పోతుంది. లీడర్ మీద బ్రెయిడ్‌ను ఒకసారి పైనుంచీ ఒకసారి కిందనుంచీ అల్లుకుంటూ పోవడం దాని పని. అది నేర్చుకోవడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. అల్లేటప్పుడు దారం బిగువు సడలితే ఆ ముడికి అర్థమే లేదు. అప్పటిదాకా డబుల్ యూని ముడి వేయండి. రెండు దారాల కొసల్నీ ఎదురెదురుగా పెట్టి, ఒక్కొక్క దానితో రెండోదాని చుట్టూ యూని ముడి వేసి, రెండు ముడుల్నీ దగ్గరకు లాగడమే. బ్రెయిడ్ వైపు ఎనిమిది చుట్లు, లీడర్ వైపు నాలుగు. కాస్త లావుగా ఉంటుంది గాని నమ్మకమైనది.

చంపావతిగారి మాటతో నాకు పూర్తి అంగీకారం ఉంది, ఒక్క కప్ప విషయంలో తప్ప. వారి వయసుకు నేను వచ్చినప్పుడు కూడా కప్పకు ముడే వేయాలని నా కోరిక.

కళింగతీరం, మూడు వారాల తరువాత

ఇక్కడ చెప్పిన వాటిని ఇంట్లోనూ మొగలోనూ చేసి చూశాను గనుక ఫలితం తెలియజేయడం నా బాధ్యత.

ముందు ఇంట్లో, ఒకే బ్రెయిడ్ ముక్కకు ఒక కొసన నా పాత క్లించ్ ముడినీ, రెండో కొసన పాలోమార్‌నూ రెండు మేకులకు కట్టి, మధ్యలో స్ప్రింగ్ కాటా తగిలించి లాగాను. అయిదు సార్లు లాగితే అయిదు సార్లూ క్లించే ఓడింది. ఒక్కసారి కూడా తెగలేదు. పాకి, విడిపోయి, కొస చుట్లు తిరిగి బయటకు వచ్చింది. నా కొడుకు ఆ కొసల్ని ఒక కాగితం మీద అంటించి పక్కన పేర్లు రాసి పెట్టాడు.

తరువాత ఊరి కాలువ గట్టున, లోతు తక్కువై అడుగు కనిపించే చోట, నాలుక ఉన్న లూర్‌ను మూడు విధాలుగా లాగి చూశాను. 40 పౌండ్ల లీడర్‌తో బిగువుగా కడితే దాదాపు ఆట లేదు. ఉచ్చు ముడితోనూ, ఒకే తీగతో చేసిన చిన్న స్నాప్‌తోనూ ఒకే విధంగా ఊగింది. రెండింటికీ తేడా నా కంటికి తెలియలేదు. పాత స్నాప్ స్వివెల్‌ను పెడితే ఊగింది గాని తల దించి, లోతుగా, మందంగా వచ్చింది. ఒక లూర్ మాత్రం ఏది పెట్టినా ఎడమకే పోతుండేది. దాని కన్నును పట్టకారుతో వెంట్రుకవాసి కుడికి వంచితే సరిపోయింది. వైపు చూసేటప్పుడు లూర్ పోయే దిక్కునూ, కన్ను వంచే దిక్కునూ లూర్ వెనుక నుంచే చూడాలి, లేకపోతే తారుమారవుతుంది. నేను మొదట తారుమారు చేశాను.

నిన్న సాయంత్రం మొగలో రెండు మూరల లీడర్, ఉచ్చు ముడితో ఒక పండుగప్ప పడింది. అది మూడుసార్లు ఎగిరింది. ఒడ్డుకు తెచ్చాక లీడర్‌ను గోటితో లాగి చూస్తే లూర్ నుంచి జానెడు పొడవునా గరుకు తగిలింది. ఆ చోట బ్రెయిడ్ ఉండి ఉంటే నిలిచేది కాదు. కోసి, మళ్లీ కట్టాను. చీకటి పడ్డాక మాత్రం చంపావతిగారి దారినే పట్టి, ఇంటి దగ్గర కట్టుకొని తెచ్చిన స్నాప్ ఉన్న లీడర్‌ను తీశాను.

ఇక ఒక్కటి తెలియవలసి ఉంది. లోతులోకి దించి ఎగరేసే ఇనుప చేప లాంటి జిగ్ ఒకటి కొన్నాను. దానికి గాలం తోక దగ్గర కాక తల దగ్గర, పొట్టి దారంతో వేలాడుతోంది. లీడర్‌ను జిగ్ కన్నుకే కట్టాలా?

బుడగట్లపాలెం పడవ

జిగ్ కన్నుకు కట్టవద్దు మాస్టారూ. గాలం ఉన్న పొట్టి దారానికి పైన గట్టి రింగ్ ఒకటి, అతుకు లేనిది, ఉంటుంది. లీడర్‌ను ఆ గట్టి రింగ్‌కు కట్టి, ఆ రింగ్‌నూ జిగ్ కన్నునూ ఒక బలమైన స్ప్లిట్ రింగ్‌తో కలపండి. చేప బరువు అప్పుడు గాలం నుంచి నేరుగా లీడర్‌కు పోతుంది, జిగ్ పక్కన వేలాడుతుంది. జిగ్ మార్చాలంటే స్ప్లిట్ రింగ్ తెరిస్తే చాలు, ముడి కోయనక్కరలేదు.